భద్రమైన అభ్యంగనం తర్వాత పిల్లలు గుడికి రావడం లేదు: విచారణ (పారిష్)లో ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీది దాదాపు మూడు వందల కుటుంబాల విచారణ, అంటే ఒక గురువు చూసుకునే కతోలిక గుడి పరిధి, దాని కింద కొన్ని చిన్న ఊళ్లు. ఆదివారం సత్యోపదేశ తరగతులు, అంటే విశ్వాసం నేర్పే తరగతులు, నడుస్తున్నాయి. మొదటి దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే రొట్టె) దాకా పిల్లలు బాగానే వస్తారు. భద్రమైన అభ్యంగనం, అంటే జ్ఞానస్నానాన్ని స్థిరపరుస్తూ తైలం పూసే సంస్కారం, అయిన మర్నాటి నుంచి కనపడరు. కొందరు వేరే క్రైస్తవ సంఘాల ప్రార్థనలకు వెళుతున్నారు. పెద్దలకు ఆదివారం పూజ తప్ప ఇంకే కార్యక్రమమూ లేదు. విచారణ గురువులు మీతో కమిటీ వేయించి ఏదైనా చేయమన్నారు. ఏ పుస్తకం తెప్పించాలి, ఎన్ని తరగతులు పెట్టాలి అని మీరు అడుగుతున్నారు.

సత్యోపదేశ సేవలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి సూటిగానే చెబుతాను. ఈ ఏడాది పిల్లల తరగతులకు ఇంకో పుస్తకం, ఇంకో పరీక్ష చేర్చకండి. అవి ఎలా నడుస్తున్నాయో అలాగే నడవనివ్వండి. కమిటీకి ఉన్న సమయం, డబ్బు, ఫాదర్‌గారి సాయంత్రాలు అన్నీ పెద్దల మీద పెట్టండి. అందులోనూ పాతిక నుంచి నలభై ఏళ్ల మధ్య ఉన్న తల్లిదండ్రుల మీద. పదిహేనేళ్ల కుర్రాడు గుడి మానేశాడంటే, చాలాసార్లు ఆ ఇంట్లో ప్రార్థన అంతకు పదేళ్ల ముందే ఆగిపోయి ఉంటుంది. వారానికి ఒక గంట తరగతి ఆ లోటును పూడ్చలేదు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారు సత్యోపదేశం మీద రాసిన లేఖలో, పెద్దలకు చేసే బోధే సత్యోపదేశంలో ప్రధానమైనదని స్పష్టంగా రాశారు. సంసారం, ఉద్యోగం, సమాజం తాలూకు బరువు మోసేది పెద్దలే, క్రీస్తు సందేశాన్ని నిండుగా జీవించగలిగేదీ వాళ్లే అని ఆయన చెప్పిన కారణం. సత్యోపదేశం ఎలా సాగాలో చెబుతూ రోము నుంచి 1971లో, 1997లో, మళ్లీ 2020లో మార్గదర్శక గ్రంథాలు వచ్చాయి. అవి కూడా విశ్వాస శిక్షణ పుట్టుక నుంచి మరణం దాకా సాగేదని, బడి చదువులా ఒక తరగతితో ముగిసేది కాదని అంటాయి. మన విచారణల్లో మాత్రం పెద్దలది ఎప్పుడూ చివరి వరుసే.

మన తెలుగు శ్రీసభ (కతోలిక సంఘం) చరిత్ర కూడా ఇందుకు సాక్ష్యం. పద్దెనిమిదో శతాబ్దంలో యేసుసభ (జెస్విట్) గురువులు కర్ణాటక మిషన్ పేరుతో రాయలసీమ, పల్నాడు వైపు తిరిగి సంఘాలు నాటారు. 1773లో యేసుసభే రద్దయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు గురువులు అరుదైపోయారు. అయినా ఇళ్లలో జపాలు ఆగలేదు. తర్వాత 1846లో విశాఖపట్నం వైపు ఫ్రాన్సిస్ దె సాలెస్ సభ గురువులు, 1855లో హైదరాబాదు వైపు ఇటలీ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సంస్థ గురువులు, 1875లో నెల్లూరు, గుంటూరు ప్రాంతాలకు మిల్‌హిల్ గురువులు వచ్చారు. వాళ్లు గుర్రాల మీద, ఎడ్లబండ్ల మీద ఎన్ని ఊళ్లు తిరగగలరు? ఊళ్లో ఉండి పరలోకజపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం నోటికి నేర్పింది, రోగి మంచం దగ్గర కూర్చున్నది, గురువులు వచ్చేదాకా చనిపోయినవాళ్లను ప్రార్థనతో సాగనంపింది ఉపదేశులు. వాళ్లు నేర్పింది ముందు పెద్దలకు. పొలం నుంచి వచ్చి, స్నానం చేసి, రాత్రి దీపం దగ్గర కూర్చున్న ఆడా మగా నేర్చుకున్నారు. పిల్లలు వాళ్ల పక్కన కూర్చుని విన్నారు. తర్వాత కాన్వెంటు బడులు, బోర్డింగులు వచ్చాయి. వాటివల్ల మనకు జరిగిన మేలు చిన్నది కాదు. కానీ వాటితోపాటు, విశ్వాసం నేర్పడం సిస్టర్ల పని, నేర్చుకోవడం పిల్లల పని అన్న అలవాటు కూడా వచ్చింది. మీ విచారణలో ఇప్పుడు మీరు చూస్తున్నది ఆ అలవాటు ఫలితమే.

మీ కమిటీ మొదటి సమావేశంలోనే మాట్లాడుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. మనం పుట్టు కతోలికులం కాబట్టి సువార్త మనకు అందిపోయింది అనుకుంటాం. సువార్త ప్రచారం అంటే ఇతరుల దగ్గరికి వెళ్లి చేసేదని మన లెక్క. జాన్ పాల్ పోపుగారు అదే 1979 లేఖలో ఒక నిజం ఒప్పుకున్నారు: చిన్నప్పుడే జ్ఞానస్నానం పొంది, యేసుతో వ్యక్తిగతమైన అనుబంధం ఇంకా ఏర్పడకుండానే తరగతికి వచ్చే పిల్లలు చాలామంది ఉంటారని. పెద్దల్లోనూ అంతే. పండుగకు లైట్లు కట్టేవాళ్లు, గుణదల తిరునాళ్లకు ఏటా ఫిబ్రవరిలో కాలినడకన వెళ్లేవాళ్లు, కొవ్వొత్తి వెలిగించి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు మనకు కొదవలేదు. వాళ్ల భక్తి నిజమైనది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే బోధకులంటే నాకు బాధ కలుగుతుంది. కానీ వాళ్లలో ఎంతమందికి, 'యేసు నిన్ను ప్రేమిస్తున్నాడు, నీ కోసం ప్రాణం పెట్టాడు, ఇవాళ కూడా సజీవుడై నీ పక్కనే ఉన్నాడు' అని ఎవరైనా ఎదురుగా కూర్చుని చెప్పారు? ఫ్రాన్సిస్ పోపుగారు 2013లో రాసిన సువార్తానందం లేఖలో ఈ మాటలనే మొదటి ప్రకటన అన్నారు. అది ఒకసారి చెప్పి వదిలేసే మొదటి పాఠం కాదని, ప్రతి దశలో రకరకాలుగా మళ్లీ మళ్లీ వినాల్సిన మాట అని వివరించారు. కాబట్టి మీరు పెట్టే ఏ కార్యక్రమంలోనైనా నియమాల కంటే ముందు ఈ మాట వినపడాలి.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలి? జ్ఞానస్నానంతో. మూడు వందల కుటుంబాలున్న విచారణలో ఏటా ఎవరో ఒకరింట బిడ్డ పుడుతూనే ఉంటారు. గుడికి దూరమైన యువజంట కూడా బిడ్డ జ్ఞానస్నానం కోసం తమంతట తామే మీ దగ్గరికి వస్తారు. ఇలా వాళ్లే తలుపు తట్టే సందర్భాలు జీవితంలో చాలా తక్కువ. మామూలుగా మనం ఏం చేస్తాం? ఆఫీసులో పది నిమిషాలు కూర్చోబెట్టి రిజిస్టర్ నింపుతాం, జ్ఞానతల్లిదండ్రుల (బిడ్డ విశ్వాసానికి అండగా నిలిచే పెద్దల) పేర్లు రాసుకుంటాం, తేదీ ఇస్తాం. వాళ్లు ఫంక్షన్ హాలు, భోజనాల టెన్షన్‌లో పడతారు. అంతటితో సరి.

శ్రీసభ చట్టం అడిగేది ఇంతకంటే ఎక్కువే. తల్లిదండ్రులకు, జ్ఞానతల్లిదండ్రులకు ఈ సంస్కారం అర్థమేమిటో, దానితో వచ్చే బాధ్యతలేమిటో నేర్పాలని 851వ నిబంధన చెబుతుంది. బిడ్డ పుట్టకముందే గురువు దగ్గరికి వెళ్లవచ్చని 867వ నిబంధన సూచిస్తుంది. ఈ రెండోది మన ఇళ్లకు బాగా సరిపోతుంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. అల్లుడు ఉద్యోగం చేసే ఊళ్లో ఉంటాడు. బిడ్డ పుట్టాక ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం కష్టం. కాబట్టి సీమంతం రోజుల్లోనే, ఆమె ఇంకా మీ విచారణలో ఉండగానే కలవండి. ఎవరు కలవాలి? ఫాదర్‌గారు ఒక్కరే అయితే అది అధికారిక సందర్శన అవుతుంది. పిల్లల్ని పెంచుతున్న ఇంకో జంట వెళ్లాలి. మీ విచారణలో అలాంటి జంటలు మూడు నాలుగు ఉంటే చాలు, ఏడాది పని సాగుతుంది.

వాళ్లింట్లో రెండు సాయంత్రాలు కూర్చోండి. మొదటి సాయంత్రం వాళ్లనే మాట్లాడనివ్వండి: ఈ బిడ్డ కోసం ఎంత ఎదురుచూశారు, ఏమంటే భయం, చిన్నప్పుడు ఇంట్లో ఎవరు ప్రార్థన చేయించేవారు. చాలామంది నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో చెబుతారు. తర్వాత మార్కు సువార్త పదో అధ్యాయంలో యేసు పసిబిడ్డలను ఎత్తుకుని ఆశీర్వదించిన భాగం చదవండి. వ్యాఖ్యానం అక్కర్లేదు. యేసు మీ బిడ్డను ఇలాగే ఎత్తుకుంటాడని చెబితే చాలు. రెండో సాయంత్రం అత్తమామలను, జ్ఞానతల్లిదండ్రులుగా ఉండబోయేవాళ్లను కూడా పిలవండి. నీళ్లు, తైలం, తెల్లని వస్త్రం, వెలిగించిన కొవ్వొత్తి దేనికో చెప్పండి. రాత్రి పడుకోబెట్టేటప్పుడు బిడ్డ నుదుటి మీద సిలువ గుర్తు వేయడం నేర్పండి. తండ్రి చేత వేయించండి. మన దగ్గర ప్రార్థన ఆడవాళ్ల పనిగా మిగిలిపోయింది, అది అక్కడే మారడం మొదలవ్వాలి. జ్ఞానతల్లిదండ్రుల విషయంలో చట్టం పదహారేళ్లు నిండి ఉండాలి, భద్రమైన అభ్యంగనం పొంది ఉండాలి, విశ్వాసానికి తగినట్టు జీవిస్తూ ఉండాలి అంటుంది. హోదా చూసి మేనమామ స్నేహితుడినో ఊరి నాయకుడినో పెట్టుకునే అలవాటును మెల్లగా, గౌరవంగా సరిచేయండి.

ఒక జాగ్రత్త. ఈ రెండు సాయంత్రాలను షరతుగా, పరీక్షగా మార్చకండి. 'రెండు క్లాసులకు రాకపోతే జ్ఞానస్నానం లేదు' అన్న బోర్డు ఏ గుడి గోడ మీద కనపడినా నాకు మనసు చివుక్కుమంటుంది. బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతాడన్న ఆశకు ఆధారం ఉండాలని చట్టం అడుగుతుంది, నిజమే. ఆ ఆధారాన్ని కుదిర్చే పని కూడా మనదే. కూలికి వెళ్లే కుటుంబమైతే వాళ్లకు వీలైన వేళ మీరే వెళ్లాలి. జ్ఞానస్నానం అయ్యాక వదిలేయకుండా, ఏడాది తిరిగేసరికి ఆ తేదీన ఇంటికి వెళ్లండి, కుదరకపోతే ఫోన్ చేయండి. బిడ్డ పుట్టినరోజుకు కేకు కోస్తారు, జ్ఞానస్నానం రోజు ఎవరికీ గుర్తుండదు. మీరు గుర్తుపెట్టుకున్నారని తెలిస్తే ఆ జంట మీ మనుషులవుతారు. మూడో ఏడాదికి వాళ్లే ఇంకో జంట ఇంటికి వెళ్లగలుగుతారు.

రెండో పని, ఇళ్లలో సువార్త పఠనం. చిన్న క్రైస్తవ సంఘాల గురించి మీరు వినే ఉంటారు. 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్ నగరంలో ఆసియా పీఠాధిపతుల (బిషప్‌ల) సమాఖ్య సమావేశమై, విచారణ అంటే చిన్న సంఘాల కూటమిగా ఉండాలని పిలుపునిచ్చింది. అప్పటి నుంచి మన పీఠాల్లో కూడా వార్డుల వారీగా సంఘాలు పెట్టారు. చాలాచోట్ల అవి చందాలు వసూలు చేసే, పండుగ పనులు పంచుకునే సంఘాలుగా మిగిలాయి. వాటికి ప్రాణం పోయాలంటే మధ్యలో వాక్యం ఉండాలి. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ రూపొందించిన ఏడు మెట్ల సువార్త పఠనం దీనికి చాలా అనువైనది. ముందు ప్రభువును మన మధ్యకు ఆహ్వానిస్తారు. తర్వాత భాగం చదువుతారు. మనసుకు తగిలిన మాటను ఒక్కొక్కరూ పైకి పలుకుతారు, మధ్యలో నిశ్శబ్దం వదులుతూ. మళ్లీ ఒకసారి చదివి కాసేపు మౌనంగా ఉంటారు. ఆ మాట తమను ఎందుకు తాకిందో చెబుతారు. ఈ వారం మన వీధిలో చేయవలసిన పని ఏమిటో కలిసి నిర్ణయించుకుంటారు. చివర సొంత మాటల్లో ప్రార్థన.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. నడిపించే వ్యక్తి ప్రసంగం మొదలుపెట్టినప్పుడు చెడుతుంది. ఉపదేశిగారో టీచరుగారో ఉంటే మిగతావాళ్లు నోరు విప్పరు. 'ఇక్కడ ఎవరూ ఎవరికీ బోధించరు, వాదించరు' అన్న ఒక్క నియమాన్ని గట్టిగా పట్టుకోండి. చదువురాని పెద్దవాళ్లు ఉన్నారని వెనకాడకండి. రెండుసార్లు నెమ్మదిగా చదివితే వాళ్లు పట్టుకున్నంతగా చదువుకున్నవాళ్లు పట్టుకోరు. 'అలసిపోయి, భారం మోస్తున్న మీరందరూ నా యొద్దకు రండి' అన్న మాటను రోజంతా కలుపు తీసి వచ్చిన ఒక అమ్మ పలికినప్పుడు గదిలో ఉన్నవాళ్లంతా ఆ వాక్యాన్ని కొత్తగా విన్నారు. అలాంటి బోధ ఏ పుస్తకంలోనూ దొరకదు.

పుస్తకం గురించి మీరు అడిగిందానికి జవాబు కూడా ఇదే. పెద్దల సమావేశాలకు రాబోయే ఆదివారం సువార్త చాలు. 1969లో సవరించిన పఠన క్రమం ప్రకారం ఆదివారాల్లో ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా వస్తాయి. యోహాను సువార్త ముఖ్యంగా పాస్కా (ఈస్టర్) కాలంలో, కొంత మార్కు సంవత్సరంలో వినపడుతుంది. పదేళ్ల వయసు నుంచి డెబ్బై దాకా గుడికి వచ్చే మనిషి ఈ చక్రాన్ని ఇరవైసార్లు తిరుగుతాడు. జీవితాంతపు శిక్షణకు ఇంతకంటే మంచి పాఠ్యక్రమం ఎవరు రాయగలరు? బుధవారమో శుక్రవారమో ఇంట్లో ఆ సువార్తను ధ్యానించిన మనిషి ఆదివారం పూజలో దాన్ని వినే తీరే వేరుగా ఉంటుంది. నడిపించేవాళ్ల కోసం మాత్రం 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం, 2005లో ప్రశ్నోత్తరాల రూపంలో వచ్చిన దాని సంగ్రహం విచారణలో ఒక్కో ప్రతి ఉంచండి. సందేహం వస్తే చూసుకోవడానికి.

కాలం ఎంచుకునే విషయంలో మన పంటలను చూసుకోవాలి. తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజుల్లో) పెద్ద కార్యక్రమం పెట్టాలని అందరికీ ఉంటుంది. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో సరిగ్గా అప్పుడే మిర్చి కోతలు. కూలీలు ఊళ్లకు ఊళ్లే తరలిపోతారు. మీరు సిలువ మార్గానికి ఎదురుచూస్తుంటే వాళ్లు కల్లాల్లో ఉంటారు. మీ ఊళ్లలో ఏ పంట ఎప్పుడో రాసుకుని దాని ప్రకారం పెట్టుకోండి. అక్టోబరు జపమాల నెల మాత్రం వదలకండి. జపమాల ఇల్లిల్లూ తిరిగే ఊళ్లలో జనం ఎలాగూ చేరతారు. చివర పది నిమిషాలు సువార్త చదివి, మూడు మెట్లయినా చేయించండి. కొత్తగా పిలవాల్సిన అవసరమే ఉండదు. నవంబరు 2 సమాధుల పండుగ కూడా అలాంటిదే. పూజకు రాని కొడుకులు కూడా ఆరోజు తల్లిదండ్రుల సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. పునరుత్థానం గురించి వాళ్లతో మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు లేదు. తొందరపడి సమాధులన్నీ ఆశీర్వదించి వెళ్లిపోకుండా, ఒక్కో కుటుంబం దగ్గర ఆగి చనిపోయినవాళ్ల పేరు పెట్టి ప్రార్థించమని ఫాదర్‌గారిని కోరండి.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. మన ఊళ్లలో వీధుల వారీగా సంఘాలు అంటే కులాల వారీగా సంఘాలే. పేట వేరు, ఊరు వేరు. కొన్ని విచారణల్లో పూజలో కూర్చునే వరుసల్లో కూడా అది కనిపిస్తుంది, సమాధుల దొడ్డిలోనూ కనిపిస్తుంది. తెలుగు కతోలికుల్లో పెద్ద భాగం దళితులే అయినా, విచారణ కమిటీల్లో ఆ లెక్క కనపడని చోట్లు ఉన్నాయి. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినల్ అయినప్పుడు, దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి అని మనమంతా సంబరపడ్డాం. ఆ సంబరం మన వీధుల్లోకి కూడా రావాలి. కాబట్టి మూడు నెలలకొకసారైనా రెండు వీధుల సంఘాలు ఒకే ఇంట్లో కూర్చోవాలి. ఈసారి వీళ్లింట, వచ్చేసారి వాళ్లింట. టీ అక్కడే తాగాలి. ఇది జరగకుండా ఎన్ని బైబిల్ తరగతులు పెట్టినా, ఒకే రొట్టెలో పాలుపంచుకుంటున్నామని పూజలో చెప్పే మాట యువతకు నిజమనిపించదు. కుర్రాళ్లు గుడి మానేయడానికి ఇదీ ఒక కారణమని వాళ్లతో తీరిగ్గా మాట్లాడితే మీకే తెలుస్తుంది.

యువత సంగతికి వద్దాం. భద్రమైన అభ్యంగనం విశ్వాసంలో డిగ్రీ పట్టా అన్నట్టు మనమే నడిపిస్తున్నాం: ప్రశ్నలు, జవాబులు, బిషప్‌గారు, ఫొటో, అయిపోయింది. పవిత్రాత్మ వరాలు పొందినవాళ్లకు మర్నాడు విచారణలో ఏ పని ఇచ్చారు? అభ్యంగనానికి ముందే ప్రతి పిల్లవాడికీ ఒక పెద్దమనిషిని తోడుగా పెట్టి, ఒక సేవ అప్పగించండి. ఒకరు మంచాన ఉన్నవాళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లే సేవకుడితో కలిసి వెళ్లాలి. ఒకరు పఠనం చదవడం నేర్చుకోవాలి. ఒకరు చిన్నపిల్లల తరగతిలో సాయం చేయాలి. ఆ సేవ అభ్యంగనం తర్వాత కూడా కొనసాగాలి. పదిమందిలో నలుగురు నిలబడినా అది మంచి ఫలితమే.

వేరే సంఘాలకు వెళ్లేవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి, గుడిలో వాళ్లను తిట్టనివ్వకండి. వాళ్లు అక్కడ వెతుక్కుంటున్నవి రెండు: పేరు పెట్టి తమ కోసం ప్రార్థించే మనిషి, చేతిలోకి వచ్చే బైబిల్. రెండూ మన దగ్గర ఉండవలసినవే. వాక్యాన్ని దివ్య శరీరాన్ని పూజించినట్టే శ్రీసభ ఎప్పుడూ పూజించిందని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. సువార్త పఠనం ఇళ్లలో సాగుతూ, రోగుల కోసం పేరు పెట్టి ప్రార్థన జరుగుతుంటే వెళ్లిపోయేవాళ్లు తగ్గుతారు. వెళ్లినవాళ్లు కూడా మాట కలుపుతారు.

ఇంటర్ అయ్యాక బయటికి వెళ్లే పిల్లల గురించి ఒక్క మాట. హైదరాబాదులో, బెంగళూరులో హాస్టల్‌లో చేరే ముందు వాళ్లను ఒక సాయంత్రం పిలిచి, అక్కడ దగ్గర్లో ఉన్న కతోలిక గుడి ఎక్కడో, పూజ వేళలేమిటో, పలకరించే ఒక మనిషి నంబరు ఏమిటో చేతికిచ్చి, ఆశీర్వదించి పంపండి. గల్ఫ్‌కు వెళ్లే ఆడపడుచులకూ ఇదే చేయాలి. దీనికి ఖర్చేమీ కాదు.

ఇతర మతాల నుంచి వచ్చి జ్ఞానస్నానం అడిగేవాళ్ల విషయం చాలా జాగ్రత్తగా చూసుకోండి. మన విచారణల్లో ఈ కోరిక తరచుగా పెళ్లి ముహూర్తంతో పాటే వస్తుంది: అబ్బాయి కతోలికుడు, అమ్మాయి కాదు, వచ్చే నెల పెళ్లి, ఈలోగా జ్ఞానస్నానం ఇచ్చేయమంటారు. ఇవ్వకండి. పెళ్లికి జ్ఞానస్నానం తప్పనిసరి కాదు. పీఠాధిపతి నుంచి మినహాయింపు తీసుకుని మతాంతర వివాహం చట్టబద్ధంగా జరిపించవచ్చు. ఆ సంగతి తెలియక ఎందరో అమ్మాయిలు అర్థం కాని సంస్కారానికి తల వంచారు. 1965లో మహాసభ ఇచ్చిన మిషన్ ప్రకటనలో, ఎవరినీ బలవంతపెట్టి గాని ఆశ చూపి గాని విశ్వాసంలోకి లాగడాన్ని శ్రీసభ కచ్చితంగా నిషేధిస్తుందని ఉంది. పెళ్లి తేదీ తెచ్చే ఒత్తిడి కూడా ఒత్తిడే.

నిజంగా కోరుకునేవాళ్లకు 1972లో పునరుద్ధరించిన పెద్దల దీక్షా క్రమం ఉంది. ముందు స్నేహం, పరిచయం. తర్వాత తీరిగ్గా సాగే శిక్షణ, అవసరమైతే ఏడాది పైన. తపస్సుకాలం మొదటి ఆదివారం పేర్ల నమోదు. మూడు, నాలుగు, ఐదు ఆదివారాల్లో సమరియ స్త్రీ, పుట్టుగుడ్డి, లాజరు సువార్తలతో ప్రత్యేక ప్రార్థనలు. పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం, అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం మూడూ కలిపి. ఆ తర్వాత పాస్కా కాలమంతా పొందినదాన్ని నెమరువేసుకోవడం. ఒక్క వ్యక్తి కోసమైనా దీన్ని పూజలో అందరి ముందు జరపండి. కొత్తగా వచ్చినవాళ్లను చూస్తూ పాతవాళ్లు తమ జ్ఞానస్నానాన్ని మళ్లీ తెలుసుకుంటారు. పెద్దల శిక్షణలో ఇంత బలమైనది నేను ఇంకొకటి చూడలేదు.

పెళ్లి సిద్ధపాటు పీఠం స్థాయిలో ఎలాగూ ఉంటుంది, దాన్ని ఇప్పుడు కదపకండి. వృద్ధుల కోసం 2021లో ఫ్రాన్సిస్ పోపుగారు జులై నాలుగో ఆదివారాన్ని ప్రత్యేక దినంగా ప్రకటించారు. ఆరోజు తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మల చేత పిల్లలకు పాత జపాలు, కీర్తనలు నేర్పించండి.

చివరిగా మనుషుల గురించి. ఈ పనంతా ఫాదర్‌గారి మీద ఆధారపడితే ఆయన బదిలీతో ఆగిపోతుంది. కొత్త ఫాదర్‌గారు మంచివారైనా ఆయన ఆలోచనలు ఆయనకు ఉంటాయి. అందుకే రెండు మూడు జంటలు, ఒక ఉపదేశి, ఒక సిస్టర్‌గారు, ఇద్దరు యువకులు కలిసిన బృందం ఉండాలి. ఎవరింటికి వెళ్లారు, ఏ బిడ్డ జ్ఞానస్నానం ఎప్పుడు, ఏ వీధి సంఘం ఎప్పుడు కూర్చుంది అన్నది ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి సేవను శ్రీసభలో అధికారిక పరిచర్యగా స్థాపించారు. అంత గౌరవమిచ్చిన సేవకు మన ఊళ్లలో ఇస్తున్న భృతి చూస్తే బాధేస్తుంది. బస్సు చార్జీ కూడా సొంతంగా పెట్టుకుని తిరిగే ఉపదేశులున్నారు. కమిటీ బడ్జెట్‌లో మొదటి పద్దు ఉపదేశిగారి శిక్షణకు, ప్రయాణానికి పెట్టండి. మైక్‌సెట్, బ్యానర్లు ఆ తర్వాత.

మొదటి ఏడాదికి ఇవి చాలు: జ్ఞానస్నానం కుటుంబాల దగ్గరికి వెళ్లడం, రెండు వీధుల్లో సువార్త పఠనం, అభ్యంగనం పిల్లలకు తోడు పెద్దలు. మిగతా వీధులు చూసి వాటంతటవే అడుగుతాయి, తొందరపెట్టకండి. మీ విచారణ కింద ఎన్ని ఊళ్లున్నాయి, గుడి నుంచి ఎంత దూరం, ఉపదేశులు ఎంతమంది ఉన్నారు, ఏ పంటల ప్రాంతం అన్నది రాస్తే, ఏ రెండు వీధులతో మొదలుపెడితే బాగుంటుందో, సంవత్సరంలో ఏ నెలలు ఎంచుకోవాలో మీకు ఇంకాస్త వివరంగా చెప్పగలను.